నార్మలా, ఆపరేషనా: పాలసొరతో దివిసీమకు

“రావద్దురా. నువ్వూ అదే అడుగుతావు,” అంది అక్క ఫోన్లో. పాప పుట్టి పది రోజులు. మాకు అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తవారింట్లోనే. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ “నార్మలేనా?” అంటున్నారట, ఆపరేషన్ అనగానే “అయ్యో” అంటున్నారట. అక్క అన్నం కూడా సరిగా తినడం లేదని బావ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. కడుపు కోయించుకుని బిడ్డను కన్న మనిషిని పరీక్ష తప్పినదానిలా చూడడమేమిటి? బాలింతకు పాలు పడతాయని మా వైపు పెట్టే పాలసొర చేప కొనుక్కుని, వచ్చినవాళ్ల నోళ్లు మూయించని వాళ్లత్తగారితో తేల్చుకుందామనే బయల్దేరాను.

గుడివాడలో పొద్దున్నే బస్సెక్కితే పెడన మీదుగా గంటన్నరలోపే బందరు. చేపల మార్కెట్లో సొర కోస్తున్నావిడ, “బాలింతకా బాబూ? నార్మలా, ఆపరేషనా?” అంది.

“చేపకేం తేడా అండీ?” అన్నాను గట్టిగా.

“చేపకేం లేదు నాయనా. ఆపరేషనైతే కారం తగ్గించి వండమని చెబుదామని. నీకు మాత్రం కారం వెయ్యక్కర్లేదు, ఇప్పటికే బోలెడుంది.”

చేపను ఐసులో పెట్టించుకున్నాను.

అవనిగడ్డ బస్సు చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్తుంది. కిటికీ పక్కన కూర్చోండి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి దివిసీమలో అడుగుపెడుతుంటే గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. అవనిగడ్డ నుంచి షేర్ ఆటోలో అక్క వాళ్ల ఊరు. అత్తగారు చేప ఉడికించి, తోలు తీసి, చిదిమి, వెల్లుల్లి దట్టించి పిట్టు చేస్తున్నారు. నేను పోట్లాట మొదలుపెట్టేలోపే పై వీధి నుంచి ఒకావిడ పాపను చూడ్డానికొచ్చి, గుమ్మంలోనే “నార్మలేనా వదినా?” అంది. అక్క గోడవైపు తిరిగిపోయింది.

అత్తగారు గరిటె ఆపలేదు. “నాకు ముగ్గురూ నార్మలే కదా! ఊరంతా మెచ్చుకున్నారు. మూడో కాన్పుకి నెల్లాళ్లు లేవలేకపోయాను. ఆకలేస్తోందా అని ఒక్కళ్లడిగితే ఒట్టు.” పళ్లెం పట్టుకెళ్లి అక్క పక్కన కూర్చున్నారు. “ఆకలేస్తోందా అమ్మా?”

అక్క ఇటు తిరిగి నోరు తెరిచింది. రెండో ముద్దకి, “ఉప్పు తక్కువైందత్తయ్యా,” అంది.

“విన్నావా? ఉప్పు డబ్బా అందుకో!” అని ఆవిడ నన్ను పరుగెత్తించారు.

తిరుగు బస్సులో ‘నార్మలా’ అన్న ఆ ప్రశ్నే నెమరేసుకున్నాను. బందరులో ఒకావిడ వంట కోసం అడిగింది, అక్క వాళ్లింట్లో మరొకావిడ మార్కులు వేయడానికి అడిగింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరిన ఏ కాన్పయినా నార్మలే అంటాను నేను. కాదన్నవాళ్లతో ఎంతసేపైనా వాదిస్తాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: సొర పొద్దున్నే కొనండి, ఎండెక్కితే మిగలదు. బాలింత ఇంటికి చేరాక మాత్రం మొదట అన్నం తిన్నావా అని అడగండి.