సగినాలీ గారి సలహా ఉత్తరాలు

అవునుగానీ, ఎదురింటివాడికి పోస్టులో ఉత్తరం రాసే మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నారిన్ కొండల్లో మా ఊరు రండి. సగినాలీని చూపిస్తాను. నోరుంది, కాళ్ళున్నాయి, దారికి అవతలే ఇల్లుంది. అయినా ఉత్తరమే. ప్రతి ఉత్తరంలోనూ ఒకటే గోల: దయచేసి సలహా ఇవ్వండి.

వాటిని మోయలేక చచ్చేది ఇంటింటికీ ఉత్తరాలు పంచే మా బురుల్చా.

"బాబాయ్, ఓ కేకేసి అడక్కూడదూ?"

"సలహా కేకేసి అడుగుతారా తల్లీ? మర్యాదుండద్దూ?"

మామూలు మర్యాదా అది! ముందు పశువుల క్షేమం, తర్వాత మనుషుల క్షేమం అడగడం మా వైపు ఎవరికైనా ఉన్నదే. అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈయన చెవి తెగిన గొర్రెనీ, కుంటి గుర్రాన్నీ, మొన్న ఈనిన ఆవునీ విడివిడిగా పలకరిస్తాడు. మూడు పేజీలయ్యాక అసలు సంగతి: 'టీలో ఉప్పు ముందు వెయ్యాలా, పాలు ముందు పొయ్యాలా?' మా కొండల్లో ఉప్పు టీ కాచడం పసిపిల్లలకీ తెలుసు, అరవై ఏళ్ళొచ్చాయి మహానుభావుడికి!

"ఆ బుర్రలో ఉన్నది ఎండబెట్టిన పెరుగుండ," అనేది బురుల్చా.

ఆ వసంతంలో మాత్రం ఆమెకు వెక్కిరించే ఓపిక కూడా లేదు. అత్త ఐమ్‌కాన్ మంచం పట్టింది. ఉన్నిని తడిపి, చాపలో చుట్టి, కాళ్ళతో తొక్కి తివాచీలు చెయ్యడంలో లోయ మొత్తంలో ఆమె తర్వాతే ఎవరైనా. మామ పోయాక ఉన్ని ముట్టడం మానేసింది. తర్వాత తిండి మానేసింది. గోడవైపు తిరిగి పడుకుంది. "ఇంకో నెల ఇలాగే ఉంటే దక్కదు," అనేసింది నర్సు.

సరిగ్గా అప్పుడే ఐమ్‌కాన్ పేర సగినాలీ ఉత్తరం! బురుల్చాకు ఒళ్ళు మండింది. కసికొద్దీ పైకే చదివింది. గొర్రెలన్నీ అయ్యాక వచ్చింది: 'ఉన్ని మీద చన్నీళ్ళు పోసి చుడుతున్నాను. ఎన్నాళ్ళకు తివాచీ అవుతుందో సెలవియ్యండి.'

గోడవైపు నుంచి గొంతు వినిపించింది. "ఏం నీళ్ళూ?"

"చన్నీళ్ళట అత్తయ్యా."

"మొద్దు మొహం! మరిగే నీళ్ళు పొయ్యమని రాయి!"

జవాబు వెళ్ళింది. మర్నాడే ఇంకో ఉత్తరం. 'తమ దయవల్ల మరిగే నీళ్ళు పోశాను. మెత్తదనం కోసం మేక వెంట్రుకలు కలిపాను.'

ఐమ్‌కాన్ లేచి కూర్చుంది.

"మేక వెంట్రుకలా! అవెక్కడైనా అతుక్కుంటాయా? నా బూట్లేవే? వాడి చేతులు విరగ్గొడతాను. ముందు ఆ రొట్టె ఇటు పడెయ్, నడవాలంటే ఓపికుండద్దూ!"

బురుల్చా వెనకాలే పరిగెత్తింది. సగినాలీ పెరట్లో అత్త చాప పరిచి ఉన్ని పీకుతోంది, తిడుతోంది. వేడినీళ్ళ కోసం లోపలికి వెళ్ళిన బురుల్చా గుమ్మంలోనే ఆగిపోయింది. గోడల నిండా ఉన్ని తివాచీలు. ఒక్కో దాని మీద పొట్టేలు కొమ్ముల ముగ్గు, కుట్టు కనపడనంత నున్నగా.

"ఇవెవరు చేశారు బాబాయ్?"

"నేనేనమ్మా. మా అమ్మ నేర్పింది. గట్టిగా అనకు, మీ అత్తయ్య వింటుంది."

"ఏయ్ సగినాలీ!" పెరట్లోంచి అరుపు. "వచ్చి తొక్కవయ్యా! నీకు కాళ్ళున్నాయా, లేవా?"

పాపం, ఆయన స్టాంపు కొనడానికి పోస్టాఫీసుకు బయల్దేరినవాడు. టోపీ మడతలోంచి తొంగిచూస్తున్న ఉత్తరాన్ని బురుల్చా లాగి చదివింది. చూపు తగ్గి ఇంట్లో కూర్చున్న పశువుల డాక్టరుకి రాశాడు: ఆవుకి కొమ్ములెన్ని ఉండాలో దయచేసి తెలియజేయగలరు.

ఆమె నవ్వాపుకుంటూ దాన్ని మళ్ళీ అక్కడే దోపింది. పోస్టాఫీసు మూసే వేళయినా ఆయన తొక్కుతూనే ఉన్నాడు.