ఒగినో సార్ మాఫీ

ఒగినో సార్ దగ్గర పనిచేసినవాడికి నరకంలో కొత్తగా చూపించేదేమీ ఉండదు. సౌదీలో ఖతీఫ్‌కు ఉత్తరాన, సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో ఆయన జపాన్ ఇంజనీరు. నేను లింబాద్రిని, అక్కడే వడ్రంగిని. శుక్రవారం సెలవొస్తే ఆయన చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దేవాడు. ఇరవై ఏళ్లుగా అదే పిచ్చి. ఇంకొకరి చెయ్యి పడితే అది తన బొమ్మ కాదనేవాడు. అద్దేటప్పుడు నన్ను గదిలోకే రానిచ్చేవాడు కాదు. పలక చిత్రిక పట్టడం ఒక్కటే నా వంతు.

అందులోనూ ప్రాణం తీసేవాడు. ఆయనకు వచ్చింది నాలుగు హిందీ ముక్కలు, నాలుగు అరబ్బీ ముక్కలు. మొదటి పలకను వేలితో నిమిరి "మాఫీ" అన్నాడు. క్షమించాడనుకుని నవ్వాను. అరబ్బీలో దానికి "లేదు", "కాదు" అని అర్థమట. అలా పదకొండు పలకలు మాఫీ అయ్యాయి.

తొంభై ఒకటిలో కువైట్ యుద్ధం మొదలైంది. సముద్రం మీద నూనె తెట్టు కట్టి ఒడ్డు నల్లబడింది. సైరన్ మోగితే మేం గ్యాస్ మాస్కులు వెతుక్కుంటుంటే, ఈయన ఆ నల్లటి ఒడ్డునూ ఒక పడవనూ చెక్కుతూ కూర్చున్నాడు. చివర్లో నా పేరు తెలుగులో రాసిమ్మన్నాడు. పలక నువ్వు చేశావు, మూలన నీ పేరుండాలి, జపాన్‌లో ప్రదర్శనకు పెడతానన్నాడు. కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసిచ్చాను.

మర్నాడు అంచులు నున్నగా చేయమని పలక ఇచ్చాడు. చూద్దును కదా, నా పేరు అద్దంలో చూసినట్టు కుడి ఎడమగా ఉంది. తెలుగు రాని మనిషి, తప్పు చెక్కాడనుకున్నాను. ఆ ముక్క తొలిచి, కొత్త చెక్క బిగించి, పేరు సరిగ్గా చెక్కాను. అతుకు ఆయన వేలికి కూడా దొరకలేదు.

ఆయన అద్ది బయటికి తెచ్చిన కాగితం మీద అంతా సరిగ్గా ఉంది, నా పేరు తప్ప. అది తిరగబడింది.

జపాన్ వాళ్లను యుద్ధానికి దూరంగా జెద్దా తీసుకెళ్లే బస్సు బయట హారన్ కొడుతోంది. మళ్లీ చెక్కే వ్యవధి లేదు.

"మాఫ్ కర్నా సాబ్" అన్నాను.

ఆయన పలక చంకన పెట్టుకుని, నా మొహం చూడకుండా "మాఫీ" అని బస్సెక్కాడు. ఏ భాషలో అన్నాడో తెలియక ఏడాదంతా కుళ్లిపోయాను.

మరుసటి చలికాలం ప్లాంటుకు నా పేర పార్సిల్ వచ్చింది. అదే బొమ్మ. మూలన నా పేరు తిరగబడే ఉంది. వెనక ఇంగ్లీషులో రాసింది స్టోర్సులో పనిచేసే జిలానీ చదివి చెప్పాడు: "చెక్కినవాళ్లు ఒగినో, లింబాద్రి."

ఆ ముక్కేదో బస్సెక్కే ముందే చెప్పొచ్చు కదా, మహానుభావుడు.