పొగతో బేరం

డాక్టరు మాటను సగానికి తెగ్గొట్టిన మొనగాణ్ణి ఆదిలాబాద్ బజారులో నేనొక్కణ్ణే. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగాను. ఎదుటివాడి మొదటి మాటకే ఒప్పుకోవడం మా ఇంట్లో పరువు తక్కువ.

ఆ ఎండాకాలం, ఇప్పపూలు ఏరుకోవడానికని చెట్ల కింద ఆకులకు ఎవరో పెట్టిన నిప్పు అడవిలోకి పాకింది. గుట్టలు రోజుల తరబడి కాలాయి. పొగ ఊరి మీదికి దిగింది. తెల్లవారుజామున మరీ చిక్కగా ఉండేది. మా అవ్వకు ఆయాసం పాతదే. పొగ తగ్గేదాకా గడప దాటొద్దని, తప్పనిసరైతే ముఖానికి బిగుతుగా పట్టే మందపాటి మాస్కు పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు.

మందుల షాపులో దాని ధర విని నవ్వాను.

"సేటూ, గుడ్డవి దుమ్మును ఆపుతయి గని పొగను ఆపయి," అన్నాడు షాపతను.

అమ్ముకునేవాడు అట్లాగే అంటాడు కదా! ఒక్కదాని ధరకు గుడ్డ మాస్కులు దొంతర తెచ్చాను.

ఇంటికొచ్చాక అసలు బేరం మొదలైంది.

"వాకిట్ల సాన్పి సల్లకుంటె ఎట్ల రా? పీనుగ లేసిన ఇల్లనుకుంటరు," అంది అవ్వ.

"అవసరమైతేనే బయటికి రావాల్నని మైకుల చెప్పిన్రు గదనే."

"మరి గిది అవసరం గాదా? పొయ్యి పొగల పుట్టి పెరిగినోళ్లం. నాకు పొగ గురించి జెప్తవా?"

ఆ పొయ్యి పొగే ఆమె ఊపిరిని తినేసిందని, ఈ పొగలోని నలుసు కంటికి ఆననంత సన్నదని గొంతు పోయేలా చెప్పాను. "నా కండ్లే మండుతలేవు, ఇంక పొగ ఏడిది?" అంది. తల బాదుకోవాలనిపించింది. చివరికి నాకొచ్చిన విద్యే వాడాను. ఊడ్చే పని వేరేవాళ్లది. పేడనీళ్ల సాన్పి, ముగ్గు ఆమెవి. మాస్కు మాత్రం తప్పదు. ఎవరికి వాళ్లం గెలిచామనుకున్నాం. మాస్కు ఉంది కదా అన్న ధీమాతో ఆమె ముగ్గయ్యాక అరుగు మీద కూర్చుని ఎదురింటామెతో ముచ్చట్లు కూడా పెట్టేది. ఆ ధీమా నేను కొనిచ్చిందే.

వారం తిరక్కముందే ముగ్గు మధ్యలో కూలబడింది. పెదవులు నీలంగా ఉన్నాయి. "జర... గాలి..." అంది.

ఆసుపత్రి బిల్లు దగ్గర కూడా బేరమాడాను, అలవాటు కొద్దీ. కాస్త తగ్గించారు. ఆక్సిజనుకు, మందులకు, ఇంట్లో ఆవిరి పట్టే మిషనుకు కట్టింది ఎలాగో సంపాదించుకుంటాను. ఇప్పుడు అవ్వ నన్ను ఒక్క ఊపిరిలో తిట్టలేదు. సగంలో ఆగి, గాలి పీల్చుకుని, మిగతా సగం తిడుతుంది. పోయిన ఊపిరి మొత్తం తిరిగి రాదన్నాడు డాక్టరు. ఎంత వస్తుందని నేను అడగలేదు.