తమాల్ తిన్న వీధి

బొగోతా నగరంలో దక్షిణపు కొండ మీద హెర్మిండా ఇంటికి చేరాలంటే నిలువు మెట్లెక్కాలి. పట్టుకోవడానికి ఏమీ లేదు. భర్త ఎవరిస్తో ఉన్నన్నాళ్లూ ఆయన మోచెయ్యే ఆమెకు ఆధారం. ఆయన పోయాక, వాన పడిందంటే గోడ తడుముకుంటూ దిగేది. లేదంటే దిగడమే మానేసి, ఇంట్లో ఉన్న బంగాళాదుంపలతో సరిపెట్టుకునేది.

ఆ మెట్లకు ఇనుప కమ్మీ వేయిస్తానని డాక్టర్ బర్రగాన్ ప్రతి ఎన్నికలకూ మాటిచ్చేవాడు. ఆయన ఏ రోగానికీ మందిచ్చిన డాక్టరు కాదు, అక్కడ నాయకుడన్న ప్రతివాణ్ణీ అలాగే పిలుస్తారు. కమ్మీకి బదులు ఆయన మనిషి ఒలెగారియో ఇంటింటికీ తమాల్ పంచేవాడు. అరిటాకులో కట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్ద, అదృష్టం బాగుంటే లోపల కోడిముక్క. వీధంతా తిని డాక్టరుకే ఓటేసేది.

"ఇంత నమ్మకంగా వేసేవాళ్లకి వాడు కమ్మీ ఎందుకేస్తాడే, పిచ్చిమొహమా?" అనేవాడు ఎవరిస్తో.

ఈసారి ఏ పార్టీకీ చెందని టీచరమ్మ ఒకతె నిలబడింది. వట్టి చేతులతో మెట్లెక్కి, ఆయాసంతో హెర్మిండా గడప మీద కూలబడి మంచినీళ్లడిగింది. రోజూ ఇవి ఎలా ఎక్కుతున్నారమ్మా అని నోరెళ్లబెట్టింది. మాటేమీ ఇవ్వకుండానే వెళ్లిపోయింది.

పోలింగు రోజున హెర్మిండా డాక్టరు పంపిన తమాల్ తిని, వేడి చాక్లెట్ తాగి, మూతి తుడుచుకుని వెళ్లి టీచరమ్మకు వేసింది. ఈ ద్రోహం తానొక్కతే చేశాననుకుంది.

డాక్టరు గెలిచాడు గానీ, ఆ వీధి పెట్టెలో ఆయనకు పడ్డ ఓట్లు, పంచిన తమాల్‌లలో సగం కూడా లేవు. ఒలెగారియో మొహం వేలాడేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ డాక్టరుకే వేశామని ఒట్టేసినవాళ్లే.

"హెర్మిండా అమ్మగారూ, మా తమాల్ తిని ఎవరికేశారు?"

"ఉప్పు తక్కువైంది నాయనా. నేనేమన్నా అన్నానా?"

దొంగ ఎవరో తేలకపోయేసరికి డాక్టరుకు నిద్ర కరువైందట. వీధి మొత్తాన్నీ మళ్లీ మంచి చేసుకోవాలాయె. వానలు మొదలవకముందే మెట్లకు కమ్మీ వచ్చేసింది, ఆయన పార్టీ ఆకుపచ్చ రంగుతో సహా.

ఆ సాయంత్రమే హెర్మిండా దాన్ని పట్టుకుని దిగింది. గట్టిగానే ఉంది, కానీ చల్లగా ఉంది. మోచేతి వెచ్చదనం ఇనుముకెక్కడిది! కింద ఒలెగారియో పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

"ఇక వచ్చేసారి ఓటు మాకేగా?"

ఆమె అరచెయ్యి చూసుకుంది. పచ్చగా అంటింది.

"ముందు ఈ రంగు ఆరనీ నాయనా," అంది. "ఆ పై మలుపులో దీపం లేదు. అది వెలిగాక అడుగు, ఆలోచిస్తాను."