చౌడక్క ఎత్తుకున్న ఉగాది

ఉగాది ముందు రోజు చౌడక్క తన ఆవు చెవిలో ఏదో చెప్పిందట. తెల్లవారుజామున కోడి కూసే వేళకు ఆ ఆవు సరిగ్గా ఈనిందట. అందువల్లనే నాలుగేళ్ళుగా ఆగిపోయిన పండగ ఆ ఇంటికి తిరిగి వచ్చిందట.

ఈ మాట నేను పెనుకొండ బస్సులో విన్నాను. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు.

"చెవిలో ఏం చెప్పింటాదంటావు?"

"ఏం చెప్తాది? ఈ పొద్దు ఈనకపోతే సంతకు తోల్తా అని చెప్పింటాది."

"మా కోడలికీ ఆయమ్మతోనే చెప్పించల్ల. నెలలు నిండి వారమాయ, కదల్దు, మెదల్దు."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చౌడక్కది మా ఎదురిల్లు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను పగలంతా ఇంటి దగ్గరే. ఆ వాకిట్లో ఏం జరిగినా మా అరుగు మీదికి కనిపిస్తుంది, వినిపిస్తుంది. అయినా బస్సులో నాకు నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

మాది రొద్దం దగ్గర పల్లె. చౌడక్కకు అరవై ఉంటాయి. పొడగరి. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఎప్పుడూ ఏదో పనికి బయలుదేరినట్టే నడుస్తుంది. కొడుకు మారుతి, కోడలు నాగలక్ష్మి హిందూపురం దగ్గర బట్టలు కుట్టే కంపెనీలో పని చేస్తారు. చీకటితోనే కంపెనీ బస్సు ఎక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. వాళ్ళ పిల్లలు సంగీత, కిషోర్ ఇద్దరూ అవ్వ చేతి మీదే పెరుగుతున్నారు. సంగీతకు అవ్వ జడ వేస్తే కనుబొమలు పైకి పోయేంత బిగుతు. "అవ్వా, కండ్లు మూసుకోనీకి రాల్యా" అని ఆ పిల్ల అరవడంతోనే మా వీధికి తెల్లవారుతుంది.

చౌడక్క భర్త మల్లప్ప నాలుగేళ్ళ కింద పోయాడు. సరిగ్గా ఉగాది రోజు. మామిడాకులు తెచ్చి గడప మీద వేసి, రొమ్ము పట్టేసినట్టు ఉండాదని కూర్చున్నాడు. ఆటో వచ్చేలోపలే అయిపోయింది. బొబ్బట్లను మేము ఓళిగలు అంటాం. వాటి కోసం పొయ్యి మీద పెట్టిన శనగబేడలు అప్పటికి సగం ఉడికాయి. వాటిని ఎవరో దిబ్బలో పారబోశారు.

మా వైపు ఒక కట్టు ఉంది. పండగ రోజు మనిషి పోతే ఆ పండగ ఆ వంశంలో అందరికీ ఆగిపోతుంది. మళ్ళీ ఏదో ఒక ఏడు అదే పండగ రోజున ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేకుంటే ఆవన్నా ఈనాలి. అప్పుడే ఆ పండగను తిరిగి ఎత్తుకుంటారు. అంతవరకు ఆ ఇంట్లో ఆ రోజు తలంటు లేదు, తోరణం లేదు, పొయ్యి మీద తీపి లేదు. ఇరుగుపొరుగు వాళ్ళే ఓ పళ్ళెంలో ఓళిగలు పెట్టి పంపుతారు. అలా చౌడక్క ఇంటికీ, పక్కనే ఉన్న మల్లప్ప సొంత అన్న హనుమప్ప ఇంటికీ ఉగాది ఆగిపోయింది.

పోయిన ఏడు ఉగాదికి మా అమ్మ ఓళిగలు ఇచ్చి రమ్మని నన్ను పంపింది. చౌడక్క గడప మీద కిషోర్ కూర్చుని ఉన్నాడు. కడిగి తుడిచిన స్టీలు పళ్ళెం ఒడిలో పెట్టుకున్నాడు. పొద్దున లేచినప్పటి నుంచి అలాగే ఉన్నాడని తర్వాత తెలిసింది.

"అక్కా, ఈసారి మీరే ఫస్టు" అన్నాడు నన్ను చూసి. "మూలింటోల్లు ఇంగా తేల్యా. వాళ్ళు పోయినసారి రెండే ఇచ్చిరి."

లోపల చౌడక్క గిన్నెలు తోముతోంది. చప్పుడు ఆగిపోయింది. బయటికి వచ్చి మనవడిని, వాడి ఒడిలోని పళ్ళేన్నీ చూసింది.  ఆ సాయంత్రమే బావగారి వాకిట్లోకి వెళ్ళింది.

"బావా, వచ్చే ఉగాది మనం ఎత్తుకోవల్ల."

హనుమప్ప మంచం మీద కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు. "ఎట్ల ఎత్తుకుంటావమ్మా? నీ కోడలు ఆపరేషను చేయించుకొనె. నా ఇంట్లో బిడ్డను కనేవాళ్ళు యాడ ఉండారు? నేనూ మీ అక్కానా?"

లోపల నుంచి ఆయన భార్య కొండమ్మ, "నీ నోట్లో మన్ను పడ" అంది.

"ఆవు ఉండాది గదా" అంది చౌడక్క.

"ఆవుకు క్యాలెండరు తెలుస్తాదా?"

"నాకు తెలుస్తాది."

హనుమప్ప నవ్వాడు. "సరే. ఉగాది పొద్దు ఈనితే ఎత్తుకో, నేనే తోరణం కడతా. ఈనకపోతే మాత్రం పొయ్యి ముట్టించకూడదు. మాట?"

"మాట" అంది చౌడక్క.

ఎండాకాలంలో ఆవు ఎదకు వచ్చి రాత్రీ పగలూ అరిచింది. చూలు కట్టే సూది వేయించుకొస్తానని మారుతి పలుపు విప్పాడు. చౌడక్క అతని చేతిలోంచి పలుపు లాక్కుని మళ్ళీ కట్టేసింది. ఇప్పుడు సూది వేయిస్తే శివరాత్రి దాటీ దాటకముందే ఈనుతుందని ఆమె వేళ్ళ మీద ఎంచి పెట్టుకుంది. ఈలోగా పాలు ఎండిపోయాయి. హనుమప్ప రోజూ గోడ మీది నుంచి తొంగి చూసి, "ఏమ్మా చౌడమ్మా, నల్లకాపీ బాగుండాదా?" అని ఎగతాళి చేసేవాడు. "చక్కెర ఎక్కువైంది బావా, నీకు తెమ్మంటావా?" అనేది ఆమె.

మృగశిర కార్తెలో ఆవు మళ్ళీ అరిచింది. ఈసారి ఆమె తనే ఆవును రొద్దం దాకా నడిపించుకుని వెళ్ళింది.

"ఉగాదికి ఈనల్ల సార్" అని పశువుల డాక్టరుతో చెప్పిందట.

"నేను సూది వేస్తానమ్మా. తేదీ వేసేది నా చేతిలో లేదు" అన్నాడట ఆయన.

ఆ తర్వాత ఆమె ఆ ఆవును చూసుకున్న తీరు మా వీధంతటికీ తెలుసు. ఎండు మేత రోజుల్లో కూడా చెరువు వెనక గట్ల మీద పచ్చగడ్డి కోసుకుని తలమీద పెట్టుకుని వచ్చేది. కిషోర్ అయితే బడిలో అందరికీ చాటాడు. "మా ఆవు ఉగాదిని ఈనుతాది" అన్నాడట. టీచరమ్మ నవ్వితే, "నిజం మేడం, మా అవ్వ చెప్పింది" అని బల్ల మీద కొట్టి చెప్పాడట.

ఉగాది దగ్గర పడింది. ఆవు పొదుగు దిగింది. వీధిలో ఆడవాళ్ళు నీళ్ళకు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాన్ని చూసేవారు. అమావాస్య నాడు మారుతి హిందూపురం నుంచి బేడలు, బెల్లం, పిల్లలకు కొత్త బట్టలు తెచ్చాడు. నాగలక్ష్మి ఆ సంచి విప్పకుండా అటక మీద పెట్టింది. ఈనినాకే దించుదాం అంది.

పండగ తెల్లవారింది. నేను వాకిలి ఊడుస్తూ చూశాను. ఆవు కాళ్ళు మడిచి పడుకుని తాపీగా నెమరు వేస్తోంది. నొప్పుల జాడే లేదు. దాని ఎదురుగా సంగీత గొంతుక్కూర్చుని ఉంది.

"అవ్వా, తోక ఎత్తింది!"

"ఈగల్ని తోలుకుంటాందిలేమ్మా."

ఎండ ఎక్కింది. వీధిలో అన్ని ఇళ్ళకూ తోరణాలు కట్టారు. వేపపూత, బెల్లం పంచుకోవడం అయిపోయింది. మా ఇంట్లో పూర్ణం రుబ్బుతున్న వాసన ఆ గడప దాకా పోతూనే ఉంటుంది. హనుమప్ప వచ్చి ఆవు చుట్టూ ఒకసారి తిరిగాడు. పొదుగు చూశాడు. "దేవుడు ఒప్పల్యా, చౌడమ్మా. ఏం చేస్తాం, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. ఈసారి ఎగతాళి చేయలేదు. ఆయన గొంతు కూడా దిగిపోయినట్టే ఉంది.

చౌడక్క సరేనన్నట్టు తల ఊపి ఇంట్లోకి పోబోయింది. గడప దగ్గర ఆగింది.

కిషోర్ అక్కడ కూర్చుని ఉన్నాడు. ఎవరూ చెప్పకపోయినా పళ్ళెం కడిగి, తుడిచి, ఒడిలో పెట్టుకుని మా ఇంటి వైపు చూస్తున్నాడు.

చౌడక్క వంగి వాడి చేతిలోంచి ఆ పళ్ళెం తీసుకుంది. "నాగలక్ష్మీ, అటక మీద సంచి దించు" అంది.

"అత్తా, ఆవు ఇంగా ఈనల్యా గదా..."

"ఆవు దాని యాలకు అది ఈనుతాది. నువ్వు సంచి దించు."

వాకిట్లో ఉన్న హనుమప్ప గిరుక్కున తిరిగాడు. "ఏమ్మా, మాటంటే మాటే గదా?"

"మాటే బావా. నేనే తప్పుతాండా. ఆ తప్పు నా నెత్తినే వెయ్యి."

"పిల్లోల్లకేమన్నా అయితే?"

ఆ మాటకు నాగలక్ష్మి చేతిలో సంచి అలాగే ఆగిపోయింది. మా అమ్మ కూడా రుబ్బడం ఆపి బయటికి వచ్చింది. చౌడక్క గడప దిగి ఆయన ఎదురుగా నిలబడింది.

"నాలుగేండ్లు చేయకుండానే ఉంటిమి. కిషోర్ గానికి డెంగీ జరం రాల్యా? సంగీత చెయ్యి ఇరగల్యా? అవి యా పండగ చేసినామని వచ్చినాయి? ఆ పొద్దు పొయ్యి మీద బేడలు ఉడుకుతాంటే నీ తమ్ముడు రెండుసార్లు వచ్చి మూత తీసి చూసినాడు బావా. ఇంగా ఎంత సేపే అని అడిగినాడు. తినకనే పోయినాడు. ఆయప్పకు నేను ఓళిగ పెట్టల్ల. ఆవు ఈనేదాకా కూకోమని ఇంగెన్నేండ్లు చెప్పేది?"

హనుమప్ప తువ్వాలు భుజం మీద వేసుకుని వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

చౌడక్క కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. ఎదురుగా నిలబడిన నన్ను చూసింది. "ఏం పాపా, ఆడ నిలబడి చూసింది సాలు. రా, వచ్చి పిండి కలుపు."

నేను వెళ్ళాను. నాగలక్ష్మి బేడలు పొయ్యి మీద పెట్టింది.  బెల్లం కొట్టింది, ఏలకులు దంచింది. మారుతి పిల్లలిద్దరికీ తలకు నూనె అంటి నీళ్ళు పోశాడు. కిషోర్ కళ్ళల్లో సీకాయ పడి వీధంతా వినపడేలా ఏడ్చాడు. సంగీత స్టూలు ఎక్కి తోరణం కడితే అది ఒక పక్కకు జారింది. ఎవరూ సరిచేయలేదు. చౌడక్క రోటి దగ్గర కూర్చుని పూర్ణం రుబ్బింది. ఉండలు చేసి, అరిటాకు మీద తట్టి, పెనం మీద వేసింది. మొదటిది కాలగానే నెయ్యి రాసి మల్లప్ప ఫోటో ముందు పెట్టింది. దండం పెట్టుకుంటుందేమో అనుకున్నాను. "తిను" అని మాత్రం అని, రెండోది పెనం మీద వేయడానికి వచ్చేసింది.

తర్వాత కిషోర్ పళ్ళెం నిండా ఓళిగలు పేర్చి వాడి చేతికిచ్చింది.

"ఇన్ని నాకేనా?"

"నీకు లోపల ఉండాయి. ఇవి ఇచ్చిరా."

వాడికి అర్థం కాలేదు. "తెచ్చేది గదా అవ్వా?"

"ఈ పొద్దు ఇచ్చేది. పో, ఎదురింటికి పో."

వాడు కొత్త చొక్కా, తడి తలతో మా గడప ముందు నిలబడ్డాడు. నేను ఇక్కడ ఉండిపోవడంతో, ఒక్కతే చేసుకుంటున్న మా అమ్మ ఓళిగలు ఇంకా పెనం మీదే ఉన్నాయి. వాడు లోపలికి తొంగి చూశాడు.

"ఈసారి మేమే ఫస్టు" అన్నాడు.

వీధిలో అన్ని ఇళ్ళకూ వాడూ సంగీతా తిరిగారు. హనుమప్ప ఇంటికి పోవడానికి మాత్రం ఇద్దరూ భయపడ్డారు. చౌడక్కే పళ్ళెం తీసుకుని వెళ్ళింది. కొండమ్మ తలుపు సగం తెరిచి అందుకుంది. లోపల హనుమప్ప గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

పొద్దు వాలే వేళకు కొండమ్మ పళ్ళెం తిరిగి తెచ్చింది. వట్టి పళ్ళెం ఇవ్వకూడదని అందులో ఒక బెల్లం ముక్క వేసింది.

"తిన్నాడా?" అని అడిగింది చౌడక్క.

"రెండు తిన్నాడు. నెయ్యి తక్కువైందంట."

చౌడక్క నవ్వింది. ఆ రోజంతటికీ ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

కొన్ని రోజులకు, దూడ వాకిట్లో గెంతులు వేస్తున్నప్పుడు, రోడ్డు మీది టీ హోటల్లో ఎవరో హనుమప్పను అడిగారట. "ఏమప్పా, మీకు ఉగాది ల్యాదంటివే, మీ వీధిలో ఓళిగలు పంచిరంట?" మా నాయన అక్కడే ఉన్నాడు. హనుమప్ప గ్లాసులోంచి తల ఎత్తలేదట. "ఆవు ఈనింది లేప్పా. ఆ పొద్దు తెల్లారుజామునే" అన్నాడట. ఆ మాట అక్కడి నుంచి రొద్దం పోయింది, రొద్దం నుంచి పెనుకొండ బస్సు ఎక్కింది. చెవిలో చెప్పిన సంగతి దారిలో ఎవరు కలిపారో తెలియదు. చౌడక్క దగ్గర ఎవరైనా ఈ ఊసెత్తితే ఆమె అవుననదు, కాదనదు. దూడకు గడ్డి వేస్తూ ఉంటుంది.

ఆవు ఈనింది ఉగాది మరుసటి రోజు మధ్యాహ్నం, ఊరంతా ఆనవాయితీగా మాంసం కూర వండుకునే వేళకు. పెయ్యదూడ. అప్పటికి చౌడక్క ఇంట్లో ఓళిగ ఒక్కటి కూడా మిగల్లేదు.