అవతలి గడ్డ మీద గోలు

నా చిన్నప్పుడు కువైట్‌లో మా పక్కింట్లో ఒక నర్సు అక్క ఉండేది. కోనసీమ మనిషి. డ్యూటీ లేని సాయంత్రం ఆమెకు ఫుట్‌బాల్ తప్ప మరో లోకం లేదు. మేం జగిత్యాల వాళ్లం. నాన్న అక్కడి అల్ రాయ్ ప్రాంతంలో కార్లు బాగుచేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. తెలుగు మీడియం నుంచి వచ్చిన నేను కొత్త బడిలో మొదటిసారి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పగానే క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాను. టీచరు అడిగితే లేచి నిలబడేదాన్ని, అంతే.

ఆ సంగతి అక్క చెవిన పడింది. అప్పుడే మాల్దీవుల క్లబ్బు ఒకటి ఆసియా పోటీల్లో కువైట్ జట్టుతో ఆడటానికి వచ్చింది. అట్లాసులో ఆ దేశం నీలం రంగు మీద పెన్సిలు మొనతో పెట్టిన చుక్కల్లా ఉంటుంది. వాళ్ల దీవిలో జరిగిన మొదటి ఆటలో ఎవరూ గోలు కొట్టలేదు. ముందుకు వెళ్లేదెవరో ఇక్కడి ఆటతో తేలాలి.

"పందెం వేద్దామా అమ్మాయ్? దీవి వాళ్లు ముందుకెళ్తే, రేపు క్లాసులో నువ్వు చెయ్యెత్తి మాట్లాడాలి" అంది అక్క.

నాన్న నవ్వాడు. "ఒప్పుకో బిడ్డా, ఆ దీవోళ్లు ఇయ్యాల ఐదు గోల్స్ తింటరు."

ధైర్యంగా ఒప్పుకున్నాను.

స్టేడియంలో అతిథి జట్టు వైపు మెట్లు దాదాపు ఖాళీ. అక్క మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టింది. మొదటి సగంలోనే ఇక్కడి జట్టు గోలు కొట్టింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆ బక్కపలచని కుర్రాళ్లు పడుతూ లేస్తూ పరుగెత్తుతుంటే నా సంతోషం నాకే రుచించలేదు. ఆట ముగియబోతుండగా వాళ్లలో ఒకడు తలతో బంతిని నెట్లోకి కొట్టాడు. అందరికంటే ముందు అరిచింది నేనే! బడిలో పెగలని గొంతు ఆ ఖాళీ మెట్లన్నీ మోగించింది.

ఒకటికి ఒకటి. విజిల్ ఊదారు.

"గెలువలే గదక్కా, సమానమే! పందెం ఖలాస్" అన్నాను.

అక్క మైదానం వైపు చూపించింది. దీవి వాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ ఏడుస్తున్నారు. "రెండాటలూ కలిపి సమానమైతే, అవతలి వాళ్ల గడ్డ మీద కొట్టిన గోలుకే విలువెక్కువ. వెళ్లేది వాళ్లేనే."

"ముందుగాల ఎందుకు చెప్పలే? ఇది తొండి!"

"చెప్తే పందెం వేసేదానివేంటి?"

నమ్మలేదు. పొద్దున్నే బడి లైబ్రరీకి వెళ్లి ఆటల పుస్తకం తిరగేశాను. నియమం అక్కడే ఉంది. మొదటి పీరియడ్లో చెయ్యెత్తి, దాన్నే తడబడుతూ ఇంగ్లిష్‌లో చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. ఆగలేదు, చివరిదాకా చెప్పాను. వెనక బెంచీ నుంచి ఫుట్‌బాల్ పిచ్చోడొకడు "ఇంకోసారి చెప్పు!" అని లేచి నిలబడ్డాడు.

లైబ్రరీతో నా స్నేహం అలా మొదలైంది, ఇంకా తెగలేదు. ఆ నియమాన్ని ఇప్పుడు చాలా పోటీల్లో తీసేశారని ఈ మధ్యే చదివాను. తీసేస్తే తీసేశారు. పరాయి చోట, పరాయి భాషలో నోరు విప్పిన ప్రతిసారీ నేను మాత్రం ఆ గోలుకు ఎక్కువ విలువే కట్టుకుంటున్నాను.