ఐతారాలు తప్ప

చాచా పోయారని మొన్న పొద్దున కాలేజీ బస్సులో విన్నాను. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. పక్కనున్నామె "మీకు బాగా దగ్గరా మేడం?" అంది. దగ్గరే అనడానికి నాకేం మొహముంది!

చాచా మా ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండర్. నేను అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెబుతున్నదాన్ని. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో చదువుకి చేరాను. నా టిఫిన్ డబ్బా మూత తీస్తే చాలు, "గుంటూరోళ్ల కూర! జర నీళ్లు దగ్గర పెట్టుకోండ్రి" అని అందరినీ నవ్వించేవారు.

ల్యాబ్ వెనక ఒక పాత వ్యవసాయ బావి ఉండేది. చాచా రోజూ పొద్దున్నే అందులోకి రాయి కట్టిన తాడు వదిలి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూసేవారు. తాడుకి అడుగుకో ముడి. ఎవరో చెప్పిన పని కాదది. లాంగు నోట్‌బుక్కులో ఎడమవైపు తేదీ, కుడివైపు లోతు రాసుకునేవారు. నేను తొంగిచూసి తొందరపెడితే, "ఆగు బిడ్డా, తాడు నిలవడనియ్యి. గప్పుడు చూడు" అనేవారు.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి ఆ బావిలోనే సెన్సర్ వేలాడదీశాను. అది రోజుకో అంకె పంపేది. దాని అంకెలూ చాచా అంకెలూ ఒకే గ్రాఫు మీద రెండు గీతలుగా చూపాలని నా ఆశ. మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రామంటే తెర మీద బొమ్మల డబ్బాలు పెట్టి తీగలతో కలపడమే. రెండు వరసలూ కలిపి గ్రాఫుకి తగిలించాను. మొదటి వారం గీతలు కలిసే నడిచాయి. ఆ తర్వాత చాచా గీత ముందుకు పరుగెత్తింది. ఎండాకాలంలో దిగాల్సిన నీరు అందులో ముందే దిగిపోయింది.

వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చినాయన, "ఈ తేడా ఏంటమ్మా?" అన్నారు.

"అది మా అటెండర్ అందాజుగా రాసింది సార్. పెద్దగా చదువుకోలేదు" అన్నాను.

చాచా టీ గ్లాసులతో గుమ్మంలోనే ఉన్నారు. "అందాజు కాదు బిడ్డా. ఐతారాలు తప్ప రోజూ చూసిన" అన్నారు.

"మీరుండండి చాచా!" అని కసిరి, ఆయన గీతను అక్కడికక్కడే తీసేశాను. మార్కులు బాగానే వచ్చాయి. మర్నాటి నుంచి బావి దగ్గర తాడు లేదు. ఏమైందని అడగనైనా లేదు నేను, పాపిష్టిదాన్ని.

ఏళ్లు గడిచాయి. చాచా రిటైరయ్యారు. ఒకరోజు పిల్లలకి అదే పాఠం చెబుతున్నాను. "ప్రతి అంకెకూ దాని తేదీ జతచేయాలి. లేకపోతే మధ్యలో రోజులు పోయినా గ్రాఫు అన్నిటినీ వరసగా పేర్చేస్తుంది..." అంటూండగా చాచా మాట గుర్తొచ్చింది. ఐతారాలు! ఆదివారం కాలేజీకి సెలవు. నేను ఆయన అంకెలు మాత్రం తీసుకుని తేదీలు వదిలేశాను. ల్యాబ్ బీరువాలో ఆయన వదిలి వెళ్లిన నోట్‌బుక్కు వెతికి తీసి, తేదీలతో సహా మళ్లీ గీశాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

వెంటనే వెళ్లి చెప్పాలా వద్దా? వెళ్లలేదు. రేపు, ఎల్లుండి అంటూ రెండేళ్లు తప్పించుకు తిరిగాను. మేడంని కదా, సిగ్గు!

మొన్న సాయంత్రం ఆ గ్రాఫు కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, చాచీ చేతిలో పెట్టి, "చాచా రాసిందే నిజం. తప్పు నాది" అని ఏడ్చాను.

చాచీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "సరిగ్గనే రాసిండని ఆయనకు ఎర్కనే బిడ్డా. నీకెప్పుడు ఎర్కైతదో అని చూసిండు."

ఆమె మొహంలోకి చూడలేక వాకిట్లోకి చూశాను. రెండు గుంజల మధ్య తాడు మీద ఆయన చొక్కాలు ఆరుతున్నాయి. ఆ తాడుకి అడుగుకో ముడి ఉంది.